నూనె మీద వేసిన నేరం

మా అమ్మ తలకి నూనె రాసుకోవడం మానేసి పదహారేళ్లయింది. ఎందుకు మానేశావని అడిగినవాళ్లందరికీ ఒకే కారణం చెబుతుంది. ఆ కారణం నిజం కాదని నాకు తెలుసు, నిన్నటిదాకా ఆమెకి తెలియదు. అబద్ధం ఆడింది నేను. అప్పుడు నాకు పదిహేడేళ్లు, ఇప్పుడు ముప్ఫై మూడు. ఈ మధ్యలో నోరు విప్పడానికి ఎన్ని వేల పూటలు దొరికాయో తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అమ్మ బట్టలు కుడుతుంది. నర్సీపట్నంలో మాది రెండు గదుల అద్దె వాటా. ముందు గదిలో మిషను, వెనక గదిలో ఒక మంచం, ఆ మంచానికి ఒకటే పొడుగాటి తలగడ. నాన్న నాకు నాలుగేళ్లప్పుడు పోయాడు. అప్పటినుంచి ఆ తలగడకి అటు ఆమె, ఇటు నేను. అమ్మ మాటల మనిషి కాదు. కొలతలు తీసేటప్పుడు ఆడవాళ్లతో నాలుగు మాటలాడుతుంది గానీ, వాళ్లు వెళ్లాక మళ్లీ మిషను చప్పుడే. నన్ను దగ్గరికి తీసుకోవడం, ముద్దు చెయ్యడం ఆమెకి రావు. రావని చెప్పడం నిష్ఠూరం కాదు, కొందరికి పాట రానట్టే ఆమెకి అది రాదు.

కానీ పొద్దున్నే నూనె రాసేది. మిషను పక్కన పీట వేసి, నన్ను తన మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె అరచేతినిండా పోసుకుని మాడు మీద అద్ది, వేళ్లతో మెల్లగా లోపలికంటా పట్టించేది. చెవుల వెనక, మెడ మీద, నుదుటి మీద కూడా కారేంత. అది పావుగంట పని. బట్టలు కుట్టేవాళ్లకి చేతికి నూనె అంటడమంటే మాటలు కాదు. ఒక్క చుక్క పట్టు రవికె మీద పడితే ఆ గుడ్డ పోయినట్టే, దాంతోపాటు మనిషి మీద నమ్మకమూ పోతుంది. అందుకని నా జడ అయ్యాక సెనగపిండితో రెండుసార్లు, సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కుని, తెల్లటి గుడ్డముక్క మీద అరచెయ్యి గట్టిగా నొక్కి చూసుకునేది. మరక పడకపోతేనే మిషను ముట్టేది. పడితే మళ్లీ సెనగపిండి. నాకోసం రోజూ ఆ యాతన పడేదని చిన్నప్పుడు నాకు తట్టలేదు. నాకు తెలిసిందల్లా, రోజు మొత్తంలో ఆమె చెయ్యి నాకు తగిలేది ఆ పావుగంటే అని.

ఇంటర్ మొదటి సంవత్సరంలో మొటిమలు మొదలయ్యాయి. ముందు నుదుటి మీద సన్నగా, ఇసక చల్లినట్టు. తర్వాత బుగ్గల మీద, గడ్డం మీద. మధ్యాహ్నానికల్లా మొహం జిడ్డోడేది. కర్చీఫుతో తుడిస్తే కర్చీఫు మీద నా మొహం ఆకారం పడేదంటే నమ్మండి. ఊళ్లో ప్రతివాళ్లూ వైద్యులే. పాలు పోసే ఆవిడ "ఏడి సేసినాది, మజ్జిగ తాగించండి" అంది. వెనక వాటా పెద్దావిడ "మావిడిపళ్లు తినీసుంటాది" అని తేల్చింది. యలమంచిలి వెళ్లే బస్సులో పక్కసీట్లో కూర్చున్న, ముక్కూ మొహం తెలియని ఆవిడ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నిమ్మకాయ రుద్దమంది. రుద్దాను. మూడు రోజులు మంటెత్తిపోయింది. టూత్‌పేస్టు రాశాను, పెసరపిండి రాశాను, రోజుకి ఎనిమిదిసార్లు సబ్బుతో కడిగాను. చర్మం బిగుసుకుపోయి పొట్టు లేచేది, మొటిమలు మాత్రం ఉన్నచోటే ఉండేవి.

ఆ రోజుల్లో నేనెంత ఒంటరిదాన్నో ఇప్పుడు చెబితే అతిగా ఉంటుందేమో, అయినా చెబుతాను. కాలేజీలో గోడ పక్క సీటు ఏరుకునేదాన్ని, మొహంలో సగమైనా గోడవైపు ఉంటుందని. చున్నీ బుగ్గల మీదికి లాక్కుని నడిచేదాన్ని. గ్రూపు ఫొటో తీసిన రోజు జ్వరమని సెలవు పెట్టాను. ఎవరైనా నాతో మాట్లాడుతుంటే వాళ్ల మాట వినేదాన్ని కాదు, వాళ్ల కళ్లు నా మొహం మీద ఎక్కడ ఆగుతున్నాయో చూసేదాన్ని. అలా చూస్తూ చూస్తూ స్నేహాలన్నీ పోగొట్టుకున్నాను.

ఒక్క అమ్మాయి మాత్రం జాలిపడి ఒక ట్యూబు సంగతి చెప్పింది. వాళ్లక్క రాసుకుంటుందట, నాలుగు రోజుల్లో మొహం అద్దంలా అవుతుందట. చీటీ అక్కర్లేదు, మందుల షాపులో పేరు చెబితే ఇచ్చేస్తారు. తెచ్చుకున్నాను. అమ్మకి చెప్పలేదు. "మొకానికి ఏదిబడితే అది పుయ్యకు" అని ఆమె అప్పటికే ఒకసారి గట్టిగా అంది. ట్యూబుని కాలేజీ సంచిలో అడుగు జిప్పులో దాచాను.

నిజంగానే నాలుగు రోజుల్లో మొహం మెరిసిపోయింది. మొటిమలు అణిగిపోయాయి, రంగు కూడా తేలింది. రెండు నెలలు నా అంత సుఖపడ్డవాళ్లు లేరు. గోడ పక్క సీటు వదిలి మధ్య బెంచీకి వచ్చాను. తర్వాత ఒకసారి ట్యూబు అయిపోయి, వారం రోజులు కొనడం కుదరలేదు. మొహమంతా ఎర్రగా కంది, ముందెన్నడూ లేనంత లావు మొటిమలు లేచాయి. భయపడి మళ్లీ తెచ్చి రాశాను, అణిగాయి. మానితే లేచేవి, రాస్తే అణిగేవి. కొన్నాళ్లకి రాసినా అణగడం మానేశాయి. ఎండలోకి వెళితే కారం పూసినట్టుండేది. బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు, చెంపల మీద నూగు వెంట్రుకలు.

అప్పుడు అమ్మ నన్ను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. విశాఖపట్నం నుంచి ఆదివారాలు వచ్చి, ఒక మందుల షాపు వెనక గదిలో చూసేవారాయన. ఓపిక ఉన్న మనిషి. మొటిమలు మురికి వల్ల రావనీ, ఈ వయసులో చర్మం లోపలి నూనె గ్రంథులు ఎక్కువ పనిచేసి రంధ్రాలు మూసుకుపోవడం వల్ల వస్తాయనీ, అందుకని ఎన్నిసార్లు కడిగినా పోవనీ చెప్పారు. రోజుకి రెండుసార్లు చాలన్నారు, గిల్లొద్దన్నారు. తర్వాత నా మొహం దీపం కింద పెట్టి చాలాసేపు చూసి, "ఏమైనా క్రీములు రాశావా, షాపులో అడిగి తెచ్చుకున్నవి?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోగా అమ్మ అంది, "మా పిల్ల అలాటియ్యేటీ రాయదండి. నాకు సెప్పకుండా ఏటీ సెయ్యదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో గర్వం ఉంది. నా గురించి ఆమె ఇంకొకరి ముందు గర్వంగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. డాక్టరు నా వైపే చూస్తూ మళ్లీ అడిగారు, ఏమీ రాయలేదా అని. నా ఒళ్లోనే ఉంది సంచి, సంచిలో ఉంది ట్యూబు. రాయలేదండి అన్నాను.

ఆయన ఇంకేం చేస్తారు? నా నుదుటివైపు, జిడ్డు కారుతున్న జుట్టువైపు చూసి, "తలకి ఇంత నూనె రాయకండమ్మా. అది నుదుటి మీదికి దిగి రంధ్రాలు మూసేస్తుంది. తలగడ గలీబుకి కూడా అంటి మొహానికి తగులుతుంది" అన్నారు. రాత్రిపూట బఠాణీ గింజంత రాసుకోమని ఒక జెల్ రాసిచ్చారు, రెండు మూడు నెలలు పడుతుందన్నారు.

బయటికొచ్చాక అమ్మ మందుల షాపు మెట్ల మీద ఆగిపోయింది. "నా నూనె వల్లేనా అయితే" అంది. నన్ను అడగలేదు, తనలో తను అనుకుంది. అప్పుడైనా చెప్పొచ్చు. నాకు కోపం వచ్చింది, దొరికిపోతానేమోనన్న భయం కోపంలా వచ్చింది. "నీ నూనె వల్లే. రోజూ కారేలా రాస్తావు. విన్నావు కదా డాక్టరు గారు ఏమన్నారో" అన్నాను. మర్నాడు పొద్దున్న ఆమె పీట వెయ్యలేదు. "నువ్వే దువ్వుకో. నాకూ పని బేగి అవుతాది" అని మిషను ముందు కూర్చుంది.

ట్యూబు భయంతో కాలవలో పారేశాను. పారేసిన పదిరోజులకి మొహం పగిలిన దానిమ్మపండులా అయింది. అది ట్యూబు మానినందువల్ల అని ఇప్పుడు నాకు తెలుసు. అమ్మకి తెలిసింది ఒకటే, నూనె మానినా తగ్గలేదని. అంటే ఇంట్లో ఇంకా ఎక్కడో నూనె ఉండిపోయిందని. గలీబులు రోజూ ఉడకబెట్టింది. దువ్వెన పారేసి కొత్తది తెచ్చింది. ఆఖరికి, తన తల నుంచి తలగడకి అంటుతోందని తేల్చుకుని, తనూ నూనె మానేసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నూనె లేకుండా గడప దాటని మనిషి, సీసా తీసుకెళ్లి వెనక వాటా పెద్దావిడకి ఇచ్చేసింది.

రెండు నెలలు చూశాక నేనొక్కదాన్నే డాక్టరు దగ్గరికి వెళ్లి నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. అది స్టెరాయిడ్ కలిసిన క్రీమనీ, మానితే ఇలాగే తిరగబెడుతుందనీ చెప్పారు. "ఇది చెప్పడానికి రెండు నెలలు పట్టిందా? నీ చర్మానికే నష్టం కదమ్మా" అన్నారంతే. మందు మార్చారు, ఎండకి వెళ్లేముందు రాసుకోవడానికి ఇంకొకటి ఇచ్చారు. ఏడాది పట్టింది. మొహం తేరుకుంది, బుగ్గల మీద గుంటలు మాత్రం మిగిలాయి. పెళ్లెందుకు కాలేదని అడిగేవాళ్లు ఆ గుంటలవైపు చూస్తూ అడుగుతారు. దానికీ దీనికీ సంబంధం లేదు, నమ్మితే నమ్మండి లేకపోతే లేదు.

మొహం తేరుకోవడం నూనె మానిన పుణ్యమే అనుకుంది అమ్మ. అనుకుని ఊరుకుందా? కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. టేపు వాళ్ల భుజాల మీద పెట్టి, "నా సేతుల్తో నేనే పాడుసేసీసేనమ్మా మా పిల్ల మొకాన్ని. మీరు మాత్రం పిల్లలకి నూనె రాయకండి" అనేది. వెనక గదిలో పుస్తకం పట్టుకుని నేను వింటూ ఉండేదాన్ని. చెయ్యని తప్పు ఆమె పదిమందికీ ఒప్పుకుంటోంది, చేసినదాన్ని నేను తలుపు చాటున కూర్చున్నాను. డిగ్రీ చదివాను, బీఈడీ చేశాను, ఊళ్లోనే బడిలో టీచరునయ్యాను. పిల్లలకి అబద్ధం ఆడకూడదని పాఠం చెప్పి ఇంటికొచ్చేదాన్ని. అమ్మ జుట్టు పీచులా ఎండిపోయింది, పాపిట దగ్గర పలచబడింది. ఇంట్లో నా తలని ఎవరూ ముట్టలేదు. పదహారేళ్లు.

ఈ బుధవారం బడిలో తల్లిదండ్రుల సమావేశం. నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉంది, రెండు నెలలుగా చున్నీ బుగ్గల మీదికి లాక్కుని కూర్చుంటోంది. గోడ పక్క సీటుకి మారి అటు తిరిగి కూర్చున్నప్పుడే నాకు అర్థమైంది. మొహం మీద ఆ ఎరుపు, ఆ సన్నటి నరాలు, చెంపల మీద నూగు. వాళ్లమ్మ వచ్చింది, జీడితోటల పనికి వెళ్లే మనిషి. పిల్ల మొహం ఏమైందని అడిగాను.

"నూనె వల్లనండి. మానిపించీసేను" అంది.

"ఎవరు చెప్పారు?"

ఆవిడ నవ్వింది. "మీ అమ్మగారేనండి. రవికె కొలతలకి ఎలితే సెప్పేరు. మీకూ అలాగే అయిందంట కదండీ. రెణ్నెల్లయిందండి మానిపించి, ఏటో తగ్గట్లేదు. నా సెయ్యే మంచిది కాదేమో."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎదురుగా ఉన్నది ఎవరో ఆవిడ అనిపించలేదు, మందుల షాపు మెట్ల మీద ఆగిపోయిన మా అమ్మే అనిపించింది.

పిల్లని పక్కకి పిలిచాను, సంచి తెరవమనలేదు. నా కథ చెప్పాను, అంతే. ట్యూబు, జిప్పు, డాక్టరు ముందు ఆడిన అబద్ధం. ఆ పిల్ల పెన్సిళ్ల పౌచి తీసి ట్యూబు నా చేతిలో పెట్టింది. "పారెయ్యకు. నీకు నువ్వుగా మానడం కూడా వద్దు. ఆ డాక్టరుగారు ఇప్పటికీ ఆదివారాలు వస్తారు, దీన్ని పట్టుకెళ్లి ఆయనకే చూపించు, ఎప్పట్నుంచి రాస్తున్నావో చెప్పు. తగ్గుతుంది, కాస్త ఎక్కువ కాలం పడుతుంది" అని తిరిగి ఇచ్చాను. వాళ్లమ్మకి చెప్పడానికి పక్కన నేనూ నిలబడ్డాను. ఆవిడ కూతురి వీపు మీద ఒకటి వేసింది, ఆ వెంటనే ఆ వీపే నిమిరింది. తర్వాత నావైపు తిరిగి, "మరి మీ అమ్మగారు నూనె అన్నారేటండీ?" అంది.

శనివారం ఆవిడ ఇంకో రవికె తీసుకోవడానికి మా ఇంటికి వస్తుంది. వస్తే ఇదంతా చెబుతుంది. పరాయి మనిషి నోటి నుంచి అమ్మ వినకూడదు. అంతవరకూ నాలో లేని ధైర్యం వచ్చిందని చెప్పను, తప్పించుకునే దారి మూసుకుపోయింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ హుక్కులు కుడుతోంది. చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. ఆగితే మళ్లీ మింగేస్తానని గబగబా మొత్తం చెప్పాను. ఆమె సూది ఆగలేదు. ఒక హుక్కు అయ్యింది, దారం కొరికింది, ఇంకో హుక్కు అందుకుంది.

"డాక్టరుగారు అడిగినప్పుడు సంచిలోనే ఉందా?" అంది.

"ఉంది."

"నేను అనీసేను కదా మద్దిలో, మా పిల్ల రాయదని. అలాగనీస్తే నువ్వింకెలా సెప్తావులే."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. తిడుతుందని వచ్చాను, తిట్టించుకుని తేలికపడదామని వచ్చాను. ఆమె నా తప్పుని ఈసారి కూడా తన వైపే లాక్కుంటోంది. "అది నీ తప్పు కాదు, నాది" అని అరిచినంత పని చేశాను.

అమ్మ రవికె ఒళ్లో పెట్టుకుని తలెత్తింది. "మరయితే నూనె వల్ల కాదన్నమాట."

కాదమ్మా, అనేస్తే సరిపోయేది. కానీ ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు. "నుదుటి మీది నాలుగు మొటిమలు నూనెవి. మిగతా మొహమంతా నాది" అన్నాను.

ఆమె పాపిట మీద ఎండిన జుట్టుని ఒకసారి చేత్తో సర్దుకుంది. "నూనె మానీసిన కొత్తలో నిద్దర పట్టీది కాదు. తలంతా ఒకటే ఏడి" అంది. మామూలుగా, వాన పడిందని చెప్పినట్టు చెప్పి, మళ్లీ హుక్కులు అందుకుంది. రాత్రి తలగడకి అటు తిరిగి పడుకుంది. పిలవాలనిపించింది, ఏమని పిలవాలో తెలియలేదు.

ఇవాళ పొద్దున్న బడికి తయారై, జడ వేసుకోకుండా, పీట తెచ్చి మిషను పక్కన వేసుకున్నాను. ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాను. ముప్ఫై మూడేళ్ల మనిషిని, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, ఎవరైనా చూస్తే నవ్వుతారు. మిషను తిరుగుతూనే ఉంది. ఒక కుట్టు అయింది, ఇంకో కుట్టు మొదలైంది. ఆటో టైము అయిపోతోంది. లేచిపోదామనుకుంటుండగా మిషను ఆగింది.

"ఇయ్యన్నీ పట్టుబట్టలు. సెయ్యి జిడ్డు సేసుకోలేను" అంది వెనకనుంచి.

సరేనని లేచాను. పీట పక్కన పెట్టి, దువ్వెన వెతుక్కుంటున్నాను.

"ఆదివారం మిషను ముట్టనులే. సీసా తెచ్చి ఉంచు. నీకూ రాస్తాను, నేనూ రాసుకుంటాను." దారం సూదిలోకి ఎక్కిస్తూ, నావైపు చూడకుండా అంది. "నీ నుదుటికి తగలనియ్యనులే."

ఇవాళ గురువారం.